ఎనిమిది గంటల అరచెయ్యి

సాయంత్రం, దర్జీ షాపు. ఆమె చెవి దగ్గర ఫోను. అవతల, నాలుగేళ్లుగా గొంతు తప్ప ముఖం ఎరగని మనిషి.

"షట్టరు దించావా లేదా, అది చెప్పు."

"దించానన్నా. సగం కుట్టిన జాకెట్టు మిషను మీదే వదిలేశాను. ఇంతకీ ఏమైంది? మన గ్రూపులో ఎవరికైనా..."

"లోపల్నుంచి తాళం వెయ్యి."

"వేశాను. స్టీరింగన్నా, ముప్పై ఏళ్లు బస్సు తోలిన మనిషి మీరు. మీరిలా తొందరపెట్టడం ఎప్పుడూ వినలేదు. హడలగొట్టకండి."

"పావురం అని కొత్తగా చేరాడే, వాడు నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. చదువుతా విను. 'సూదక్క ఎవరో నాకు తెలుసు. ఇల్లు తెలుసు, షాపు తెలుసు. ఇవాళ సాయంత్రం వెళ్తున్నా.' అంతే. తర్వాత ఫోను ఆపేశాడు."

"గ్రూపులో సూదక్కంటే నేనే కదన్నా!"

"నువ్వే చెల్లెమ్మా."

"నా అసలు పేరు మీకే తెలీదు. వాడికెలా తెలిసింది?"

"అదే నాకూ..."

"పావురాన్ని చేర్చిందెవరు?"

"అది తర్వాత. షాపుకి వెనక తలుపుందా?"

"చేర్చిందెవరన్నా?"

"నేనే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల గ్రూపు అన్నాక గుమ్మం దగ్గరే గట్టిగా ఉండాలి. పాతవాళ్లు ఒకరు మాటిస్తే తప్ప చేర్చుకోం కదా. 'సూదక్క పంపింది' అన్నాడు. నిన్నొక్క మాట అడగాల్సింది. అడగలేదు. నా బుద్ధి గడ్డి తింది."

"నేనెవర్నీ పంపలేదు."

"ఇప్పుడు తెలుస్తోంది. మన గ్రూపులో ఉండే లెక్కల మాస్టారిదీ ఇలాగే మొదలైంది. ఎవడో లోపలికొచ్చాడు, సంగతి బడికి చేరేశాడు. వారంలో ఉద్యోగం పోయింది. ఇంటివాళ్లు సామాను వీధిలో పడేశారు."

"అది పేపర్లో చదివి మా తమ్ముడు కంచం ముందు నుంచి లేచిపోయాడన్నా. ఆ ముఖం చూశాక ఇంకేం చెబుతాను? నాకు మాత్రంటే భయం లేదు. రోజుకొకటి, బీపీ మాత్రలాగే. నా భయమంతా మనుషులతోనే."

"ఈ పావురం మూడు వారాల్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. పొద్దున ఎనిమిదింటికి మాత్రం అందరిలాగే అరచేతిలో మాత్ర పెట్టుకుని ఫొటో పెడతాడు. మాత్ర మనదే. అందుకే నమ్మాను."

"రోజూనా?"

"రోజూ ఎక్కడ, అడపాదడపా. ఆరో ఏడో."

"ఆరా? ఏడా?"

"ఉండు... ఒకటి, రెండు... ఆరు. ఎందుకూ?"

"ఇవాళ పొద్దున డబ్బా కుమ్మరించి లెక్కపెట్టుకున్నాను. ఆరు తగ్గాయి. తెలీకుండా రెండేసి మింగుతున్నానా, మతి పోతోందా అని కూర్చుని ఏడ్చాను."

"డబ్బా ఎక్కడ దాస్తావు?"

"మా ఇంట్లో, గుండీల డబ్బా అడుగున. పైన చీటీ చింపేసి. ఒక్క నిమిషమన్నా, ఆ ఫొటో తెరుస్తున్నా. ఇన్నాళ్లూ మాత్రనే చూశాను, చేతిని చూళ్లేదు."

"ఏం కనబడుతోంది?"

"బొటనవేలి కింద మచ్చ. ఇస్త్రీపెట్టె మొనలాగా."

"తెలిసిన చెయ్యేనా?"

"వేడెక్కిందేమో చూడరా అన్నాను. చెయ్యి పెట్టి చూశాడు, పిచ్చి సన్నాసి. అప్పుడు వాడికి ఏడేళ్లు."

"ఎవరికమ్మా?"

"మా తమ్ముడికి."

"బయటికి వెళ్లిపో. ఇప్పుడే. పక్క కొట్లో కూర్చో."

"వాడు వీధి మలుపులోనే ఉంటే? వెనక తలుపు లేదు. ఈ తాళానికి రెండో చెవి వాడి దగ్గరే ఉంది."

"తాగుతాడా? చెయ్యి చేసుకునే రకమా?"

"ఎన్నడూ లేదు. ఈ మధ్యే మనిషి మనిషిలా లేడు. తిండి లేదు, నిద్ర లేదు, నా వంక చూడడు. నెల కిందట మరదల్ని పుట్టింటికి పంపేశాడు. ఎందుకురా అంటే చెప్పులేసుకుని బయటికెళ్లిపోయాడు."

"ఎవరైనా తోడుకి..."

"అన్నా, తాళం తిరుగుతోంది."

"ఫోను పెట్టెయ్యకు. వింటూనే ఉంటా."

"అక్కా."

"అక్కడే ఉండు. అడుగు ముందుకేశావంటే చూడు, చేతిలో కత్తెరుంది."

"ఫోన్లో స్టీరింగన్నేనా?"

"నా ఫోను తెరిచావు. నా డబ్బా తెరిచావు. ఇంకేం కావాలిరా నీకు? ఎవరికి చేరేశావు? మీ ఆవిడకా? వీధి మొత్తానికా?"

"ఎవరికీ చెప్పలేదు. కత్తెర దించక్కా."

"దించను. మధ్యలో మాత్ర ఆగితే ఇక ఆ మందే నా ఒంట్లో పనిచెయ్యకుండా పోవచ్చు, తెలుసా నీకు? గ్రూపులో దూరడానికి, ఫొటోలు చూపించి నమ్మించడానికి నా మాత్రలే దొరికాయా? పనయ్యాక మళ్లీ డబ్బాలో పెట్టడానికి చేతులు రాలేదా? ఇచ్చెయ్. ఆ ఆరూ ఇప్పుడే ఇచ్చెయ్."

"లేవు."

"పారేశావా?"

"నా మాత్రల కోసం ఆసుపత్రి వరుసలో నిలబడే ధైర్యం లేకపోయిందక్కా. ఫొటో తీసి, మింగేశాను."