అడుగు ఎక్కువ అలలు

రేవు గట్టు మీది గదిలో, అలల ఎత్తు రోజూ కొలిచి రాసే ముసలాయన ముందు, వాతావరణ పరిశోధన చేస్తున్న అమ్మాయి ముప్పై ఏళ్ళ పుస్తకాలు పరిచింది.

"తాతగారూ, కొత్త యంత్రంతో పోలిస్తే మీ అలలన్నీ అడుగు ఎక్కువ. ముప్పై ఏళ్ళ కష్టం చెత్తబుట్టలోకే!"

"సముద్రానికి కొమ్ములు నేను మొలిపించానా?"

"ఆదివారాలు మాత్రం అంగుళం తేడా లేదు. ఆ రోజు సముద్రానికి సెలవా?"

"సముద్రానికి కాదు, పడవలకి."

"అయితే?"

"మిగతా రోజులు బయట పలక మీద నేను రాసే అంకె చూసే జాలర్లు చేపల వేటకి పోతారు తల్లీ. ఓ అడుగు కలిపితే భయపడి ఒక్కడన్నా ఆగుతాడని. పుస్తకంలోకీ ఆ అంకే ఎక్కించాను."

"బతికించారు! ఆరు రోజులకీ అడుగు తీసేస్తే పుస్తకాలన్నీ పనికొస్తాయి. ఈ సంగతి వాళ్ళకి తెలీదుగా?"

"తెలియకేం? వాళ్ళూ అడుగు తీసేసుకునే పోతున్నారు."

"మరింకేం, రేపటి నుంచి ఉన్నదున్నట్టు రాయండి."

"అమ్మో! ఉన్నదాంట్లోంచి కూడా అడుగు తీసేస్తారు, వెధవలు!"