ఆమె పాతది, నా కొత్తది

అమెరికాలోని డులూత్‌లో ఫోన్ల దుకాణం, మూసే వేళ. కౌంటరుకు ఇటు ఆర్విడ్, అటు దుకాణం చూసుకునే కోరీన్.

"పోయినేడు సెప్టెంబరు ఇరవై. కొత్త ఫోన్ కోసం ఈ గుమ్మం బయటే వరసలో నిలబడి సూపు తాగాం. చికెనూ అడవి బియ్యమూ వేసి మా ఆవిడ వెర్నా ఫ్లాస్కులో పోసుకొచ్చింది. నీకూ మూత నిండా ఇచ్చింది."

"గుర్తుంది ఆర్విడ్ గారూ. ఉప్పు తక్కువైందని మీరు అనబోతే ఆవిడ మీ కాలు తొక్కారు. సరే, ఇవాళ ఏం కావాలి?"

"ఆ కొత్తది."

"కొత్తదంటే... మీతో అబద్ధం చెప్పలేను. ఇది పోయినేటిదే. కెమెరా అదే, తెర అదే. కొత్తగా ఒక రంగు వచ్చిందంతే."

"ఏ రంగు?"

"పసుపు."

"తనకు పసుపు నచ్చదు. నీలం ఇవ్వు."

"ఆవిడకా? కావలసింది మీకు కదా. మీ ఫోన్ చూడండి, కౌంటరు మీద పెట్టారో లేదో ఆరిపోయింది."

"పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నానికి నాలాగే కునుకు తీస్తుంది."

"అందుకే మీకు కొనుక్కోండి అంటున్నాను. వెర్నా గారిది కొని ఏడాదేగా. ఇంకో నాలుగేళ్లు వస్తుంది."

"నాకెప్పుడు కొన్నాం? కొత్తది తనకి, తన పాతది నాకు. మా ఇంట్లో అంతే."

"ఈ ఒక్కసారికి తిరగెయ్యండి."

"కొత్తది నాకు చేతకాదు కోరీన్. ఏది ఎక్కడ దాచారో తను ఏడాదంతా తిట్టుకుంటూ కనిపెడుతుంది. అప్పుడు నాకిస్తుంది. తనకు కొత్తది వస్తేనే కదా, అది నా చేతికి వచ్చేది."

"అంటే పాతది రావడం కోసం అక్కర్లేని కొత్తది కొంటారా?"

"కొంటాను. సంచీలో పెట్టు."

"పెట్టను. తెలిస్తే ఆవిడ నన్ను వదలరు. పోయినేడు ఫోనుకి కవరు అమ్మబోతే, 'మా ఆయనది ఒంటి మేజోడుంది, అందులో పెట్టుకుంటాను' అన్నారు."

"ఏమీ అనదులే."

"ఆవిడనే తీసుకురండి మరి."

"రాదు."

"ఒంట్లో బాగాలేదా?"

"నీలం ఉందా, లేదా?"

"ఉంది. ఉండండి, ఆవిడకే ఫోన్ చేస్తాను. నంబరు ఇక్కడే ఉంది."

"వద్దు."

"రంగొక్కటే అడుగుతాను."

"వద్దమ్మా. చెయ్యకు."

"మోగుతోంది... ఆర్విడ్ గారూ, మీ కోటులో మోగుతోంది."

"నాదే."

"మీది ఇక్కడ ఆరిపోయి ఉంది కదా."

"ముందు అది ఆపు కోరీన్. తన ఫోను మోత అది."

"ఆపేశాను... ఎప్పుడండీ?"

"మేలో. లైలాక్ పూలు పూసే వేళకి."

"నేనేమో రంగు, రంగు అని..."

"నీకెలా తెలుస్తుంది. నేనూ చెప్పలేదుగా. రోజూ చార్జింగు పెడతాను. జేబులో వేసుకుని తిరుగుతాను. వాడను."

"వాడితే ఏం? మీదేగా ఇప్పుడు."

"తను ఇవ్వలేదు కదా. నా అంతట నేను తీసుకుంటే లాక్కున్నట్టుంటుంది. ప్రతిసారీ స్వెటరు అంచుతో తుడిచి మరీ ఇచ్చేది."

"ఏమని ఇచ్చేవారు?"

"ఏమంటుంది... 'ఏడాది నేను తిట్టాను, ఇక నీ వంతు' అనేది."

"ఆ నీలంది లోపల పెట్టేస్తున్నాను. ఆవిడ ఫోన్ ఇటివ్వండి. స్వెటరు నాకూ ఉంది."

"దుకాణం మూసే వేళైంది. రేపు రానా?"

"కూర్చోండి. చప్పుడు కాకుండా ఆ తలుపు వేసి వస్తాను. వచ్చాక, ఇక మీ వంతు."