ఎదురు జత

గుండుగొలను సెంటర్లో, ఏలూరు జాతరకు బయలుదేరబోతున్న వ్యాను పక్కన ముగ్గురు నిలబడి ఉన్నారు: కోలాటం నేర్పే చంద్రావతి, జట్టుకు పెద్ద నాగవల్లి, చంద్రావతిని పెద్దమ్మా అని పిలిచే, కొత్తగా చేరిన సింధూరి.

“ఆ పిల్ల ఎక్కితే మేం దిగిపోతామండీ, గురువుగారూ. అందరం అనుకున్నాం.”

“ఎందుకు, నాగవల్లీ?”

“ఎందుకేంటండీ... మీకు తెలీదా?”

“తెలీదు. చెప్పు.”

“దాని ముందే చెప్పమంటారా?”

“దాని గురించేగా. చెప్పు.”

“పెద్దాసుపత్రిలో, ఆ మందులిచ్చే గది దగ్గర చూశామండీ. ఒకసారి కాదు, మూడుసార్లు.”

“ఏ మందులు?”

“అదేనండీ... హెచ్ఐవీ మందులు. నా నోటితోనే అనిపించారు.”

“సింధూరీ, వెళ్ళావా?”

“వెళ్ళాను.”

“చూశారా! ఒప్పుకుంది!”

“ఎవరి కోసం వెళ్ళావో చెప్పు, సింధూరీ.”

“వద్దు పెద్దమ్మా. నేను ఇంటికెళ్ళిపోతాను. ఇవిగో, కర్రలు తీసుకోండి.”

“నీ దగ్గరే ఉంచు. నాగవల్లీ, కర్రకి కర్ర తగిలితే జబ్బొస్తుందా?”

“రాదనే అంటారండీ. కానీ ఆటలో దానికి ఎదురు జత నేను. కర్ర జారి వేలు చితికితే? రక్తమొస్తే? నాకు పిల్లలున్నారు.”

“మీ ఆయన చనిపోయిన ఏడాది, బొట్టు లేనిది అమ్మవారి ముందు ఆడకూడదన్నారు. ఆడావా లేదా?”

“మీరే ఆడించారు. కాదనట్లేదు. అయినా అది వేరండీ. అవి మాటలు. ఇది ప్రాణం.”

“అయితే విను—”

“పెద్దమ్మా, వద్దు! ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది మీరేగా!”

“ఆ ఒట్టు తీసేశాను. నాగవల్లీ, ఆ మందులు నావి.”

“...ఏంటండీ?”

“మోకాళ్ళు పట్టేసి ఆ లైన్లో నిలబడలేకపోతున్నాను. నా కార్డు పట్టుకుని అది వెళ్తోంది. పదకొండేళ్ళ నించి వేసుకుంటున్నాను.”

“పదకొండేళ్ళా? అంటే మాకు నేర్పినప్పుడు... మా పిల్లలకి నేర్పినప్పుడు...”

“చేతులు పట్టుకునే నేర్పాను. ఎవరికేమైంది?”

“ఏం కాలేదండీ.”

“ఉండిపోవాల్సింది అది కాదు, నేను. ఉండిపోమంటే ఉండిపోతాను. చెప్పు.”

“లోపలున్నవాళ్ళు ఇటే చూస్తున్నారండీ.”

“డ్రైవరు హారన్ కొడుతున్నాడు, నాగవల్లీ.”

“భయంగానే ఉందండీ. అబద్ధం చెప్పను. లోపలున్నవాళ్ళకి ఏం చెప్పాలో కూడా తెలీట్లేదు.”

“సరే. సింధూరీ, నడు.”

“ఎక్కడికండీ? సింధూరీ, నువ్వు ఎక్కి ముందు సీటు ఆపు. గురువుగారూ, మెట్టు ఎత్తుగా ఉంది... చెయ్యివ్వండి.”