దొర చేసిన మిషిని

నక్సలైట్ అన్నల భయానికి దొర, దొరసాని ఊళ్లో కోటలాంటి గడీ విడిచి, జగిత్యాలలో కిరాయింట్లో చేరి ఏడాదైంది. ఆమె బజారు నుంచి వచ్చేసరికి, ఆయన వరండాలో గ్రామఫోను రికార్డును గిరగిరా తిప్పుతూ షేవింగ్ బ్రష్‌తో సబ్బునీళ్లు పూస్తున్నాడు.

“ఏందిది?”

“రికార్డులు కడిగే మిషిని. నేనే చేసిన. పాత ఫ్యాన్ మోటరు తిప్పుతది, మన జీపు వైపరు నీళ్లు తుడుస్తది. గడీల దుమ్మంత ఎట్ల పోతున్నదో చూడు!”

“తాగిన గిలాస ఏనాడన్న కడిగిండ్రా మీరు? ఇప్పుడు పాటలు కడుగుతున్నరు.”

“మనం మళ్ల ఊరికి పోయిననాడు ఇవి గడీల మోగాలె.”

“మన భూములల్ల ఎర్రజెండాలు పాతిండ్రు. ఎవలు వింటరట?”

“నీకు చెప్పినా సమజ్ కాదు.”

“గా రికార్డు కింద చక్రం యాడిది?”

“ఏ చక్రం?”

“గా తిరిగేది. దాని బెల్టు గూడ.”

“నీ కుట్టుమిషినిదే. దొరసాని మందికి జాకెట్లు కుట్టుడేంది? ఇజ్జత్ పోతున్నది.”

“గా జాకెట్ల పైసలతోనే పొద్దుగాల బువ్వ తిన్నరు. అప్పుడు పోలేదా ఇజ్జత్?”

“అడిగితే ఇస్తువా?”

“ఇయ్యకపోదును.”

“అందుకే అడుగలే.”

ఆమె చేతిలోని సంచి కింద పెట్టింది.

“దొర అడుగకుంట మంది సొమ్ము గుంజుకుంటడని కూలి సంఘపోళ్లు గడీ ముందర మొత్తుకుంటే, అబద్ధమని వాళ్ల మీదికి లేచిన నేను. ఊరయిపోయింది. ఇగ ఇంట్ల మొదలువెట్టిండ్రు.”