సేనాధిపతి ఇచ్చిన కంబళి

అధ్యక్షులైన ప్రొఫెసర్‌గారికి, వేదిక మీది పెద్దలకు, ఇక కలం పక్కన పెట్టేస్తున్నానని ఇప్పుడే ప్రకటించిన మన చారిత్రక నవలా రచయితగారికి, ఆ కలంతో సహా ఆయన్ని ఇన్నేళ్లూ భరించిన అమ్మగారికి, మా పాత రికార్డుల ఆఫీసు వాళ్లకి నమస్కారం. నా గొంతు చిన్నది. వెనక వరుసకు వినబడకపోతే చెయ్యెత్తండి. ఎత్తకపోయినా సంతోషమే, ఈ రోజు నాకు అదే మేలు. (నవ్వులు)

నేను చదివింది పదో తరగతి. పాత కాగితాలకు నకళ్లు రాయడం నా పని. రచయితగారు పందొమ్మిదేళ్లు మా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. మేం ఆయన్ని చాటుగా 'రుజువుగారు' అనేవాళ్లం. ఆయనకు తెలియదు. తెలుసట, అమ్మగారు తలూపుతున్నారు. (నవ్వులు) ఆయన నవలలో గుర్రం పరిగెత్తాలంటే ముందు దాని దాణా ఎంతో తేలాలి. కథానాయకుడు కోట మెట్లెక్కుతూ మాట్లాడాలంటే, ఈయన నడుముకు ఇనప కడ్డీ కట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కి, ఎన్నో మెట్టు దగ్గర మాట ఆగిపోతుందో చూసుకోవాలి. నలభై మూడో మెట్టు దగ్గర ఆగింది. మా గుమాస్తా మంచినీళ్లు పట్టుకుని పరిగెత్తాడు. "నీళ్లు తర్వాత, ముందు ఆ అంకె రాసుకోవయ్యా!" అన్నారు.

ఇందాక ప్రొఫెసర్‌గారు ఒక మాటన్నారు. ముట్టడిలో ఉన్న కోటలో, తిండికే కటకటలాడుతున్న రోజున, ఎవరో ముసలమ్మకు కంబళి ఇమ్మని సేనాధిపతి ఆజ్ఞ వేసిన ఘట్టం ఒక్కటి చాలట, ఈయన పరిశోధన ఎంత లోతైనదో చెప్పడానికి. వచ్చే ఏడు దాన్ని పిల్లల చరిత్ర పాఠంలో కూడా చేరుస్తారట. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు.

అయ్యా, ఆ ఆజ్ఞ సేనాధిపతిది కాదు. నాది.



పదకొండేళ్ల కిందట ఆ కోట గిడ్డంగి చిట్టాకు నకలు రాస్తున్నాను. ఆ ఉదయం మా అత్తగారు, "నీకు దేవుడి మీదున్న ధ్యాస నా కాళ్ల మీద లేదే, చలికి కొయ్యబారిపోతున్నాయి" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. మరిచిపోకుండా చేతిలో ఉన్న నకలు కాగితం అంచునే రాసుకున్నాను: 'ముసలమ్మకు కంబళి. నేడే ఇవ్వవలెను.' రోజంతా ఆ భాషే రాస్తే మనకూ అదే వస్తుంది. చిట్టాలో అంచున ఉండే సేనాధిపతి ఆజ్ఞల్ని నకలులోనూ అంచునే రాయడం మా పద్ధతి. ఆ కాగితం అలాగే రుజువుగారికి వెళ్లింది.

గుర్రం దాణాకు నాలుగు సాక్ష్యాలడిగిన మనిషి దీనికి ఒక్కటీ అడగలేదు. కళ్లు తుడుచుకుని, ఇంటికెళ్లి రాసేశారు. అచ్చయ్యాక చూసి చెప్పబోయాను. "ఉండమ్మా, ఆ ముసలమ్మ ఎవరో వెతుకుతున్నాను, దాదాపు దొరికింది" అన్నారు. (నవ్వులు) రోజూ ప్రార్థనలో దేవుడికి చెప్పుకున్నాను. ఆయన వినే ఉంటాడు, కానీ పుస్తకాలు దిద్దడం ఆయన పని కాదు కదా. నవల వరకైతే ఇంకా నోరు మూసుకునేదాన్ని. పిల్లల పాఠం అన్నాక మనసొప్పలేదు. ప్రొఫెసర్‌గారూ, దయచేసి అది తీయించండి. అసలు చిట్టా మా బీరువాలోనే ఉంది, చూసుకోవచ్చు.

రచయితగారూ, మీరు లేవకండి సార్... ఏమిటి? "ఇంతకీ ఆ కంబళి ఆ రోజే ఇచ్చావా అమ్మా?" అని అడుగుతున్నారు.

ఇవ్వలేదు సార్. గుర్తుకు రాసుకున్న కాగితం మీ దగ్గరుండిపోయింది. వారం తర్వాత ఆవిడకు జ్వరం వచ్చాక గుర్తొచ్చింది. మీ సేనాధిపతి మాత్రం ఆ రోజే ఇచ్చాడు. ఆ పేజీ నేను రెండోసారి చదవలేకపోయాను.

మా అత్తగారు మూడో వరుసలోనే ఉన్నారు, కావాలంటే సాక్ష్యం తీసుకోండి. అదిగో, కలం పక్కన పెట్టిన పెద్దమనిషి అప్పుడే పెన్సిల్ తీశారు! (నవ్వులు) ఓపిగ్గా విన్న మీకూ, ఇంకా కోప్పడని ప్రొఫెసర్‌గారికీ కృతజ్ఞతలు. అత్తయ్యా, ఫ్యాను గాలి సూటిగా తగులుతోంది, కాళ్లు కప్పుకోండి, వస్తున్నాను. సెలవు.