రాయి వెనక వైపు

హలో… ఆ, నేనే, ఫోటిస్‌ని. పడుకున్నావా అక్కా?

…గంటగోపురం కింద కూర్చున్నా. మోకాళ్లు లేవనంటున్నాయి.

…తిన్నాలే. రొట్టె, ఆలివ్‌లు. బావ పోయాక ఒక్కడినే కదా, ఏదో ఇంత.

అక్కా, బడిలో అన్నేళ్లు పాత గ్రీకు చెప్పావుగా. ఇళ్లూ గుళ్లూ కట్టేవాళ్లని ఆ కాలంలో ఏమనేవాళ్లు?

…టెక్టోన్. అంటే?

…చెక్క పనివాడా! మేం రాతివాళ్లం కదా.

…ఓహో. మొదట గొడ్డలి పట్టి చెక్కినవాడు. తర్వాత కట్టే ప్రతివాడూ.

…సువార్తలో యేసు తండ్రి యోసేపుకీ అదే మాటా?

…ఇండియాలో కూడానా? వడ్రంగిని తక్షన్ అన్నారా? అబ్బో, మాట అంత దూరం తిరిగింది. మేమే ఈ కొండ దాటలేదు.

…ఆర్కిటెక్టూ అందులోంచేనా. ఆర్కి-టెక్టోన్, టెక్టోన్లకి పెద్ద. ఊఁ.

ఎందుకంటే… ఇవాళ శిలాఫలకం పెడుతున్నాం. నేనే చెక్కా. బిషప్ పేరు, దాత పేరు, ఆర్కిటెక్ట్ పేరు.

…లేదక్కా. బావ పేరు లేదు.

…అడిగా. మూడుసార్లు అడిగా. మేస్త్రీల పేర్లకి చోటు చాలదన్నారు చర్చి పెద్దలు. మార్చిలో ఈ గోపురం మీదే గుండె పట్టుకుని కూలిపోయినవాడికి జానెడు చోటు లేదట.

…ఆర్కిటెక్ట్ మంచివాడే. తల దించుకున్నాడు. అంతే.

ఏడవకక్కా…

పోట్లాడే ఓపిక నాకు లేదు. నిజంగా అలిసిపోయా.

విను. వెనక వైపు చెక్కా. గోడలోకి పోయే వైపు. లాజోస్ అని. పక్కన ఏ మాట పెట్టాలో తెలీక ఆగా. అందుకే ఫోన్ చేసింది.

…అవును, కనపడదు. సున్నం కప్పేస్తుంది.

…ఎవరు చదువుతారా?

అక్కా, ఏ గోడైనా ఎల్లకాలం నిలవదు. వందేళ్లకో రెండొందలేళ్లకో ఈ రాయి ఎవడో ఊడదీస్తాడు. బిషప్ తీయడు. దాత తీయడు. చేతులకి సున్నం అంటినవాడే తీస్తాడు. తిప్పి చూస్తాడు.

…ఆ. వాడూ టెక్టోనే.

…సరే, పేరు పక్కన ఆ మాటే చెక్కుతా. అక్షరాలు చెప్పక్కర్లేదు. ముందు వైపు ఆర్కిటెక్ట్ గారి బిరుదులో చెక్కినవేగా.

…పక్కన నా పేరా? వద్దులే. వెనక వైపు మొత్తం బావదే.

సరే, కలిపిన సున్నం గట్టిపడుతోంది. ఫోన్ కింద పెడుతున్నా, రెండు చేతులూ కావాలి.

…లేదు, కట్ చెయ్యకు. ఉలి చప్పుడు విను.