మిషన్‌లో ఒపొలోట్ రక్తం

హలో… ఆ, నేనే, ప్రొఫెసర్ నకలేమానే. చెప్పు నబిర్యే, త్వరగా చెప్పు. మా మేనకోడలి క్వాంజులాలో, అదే నిశ్చితార్థంలో ఉన్నాను, మగపెళ్లివారు వాకిట్లోకి వచ్చేశారు…

ఎవరి రక్తం?… మన ల్యాబ్‌లో ఒపొలోట్‌దా?

అవునులే, కొత్త రంగుమందు పనిచేస్తోందో లేదో చూడాలంటే ఆరోగ్యంగా ఉన్నవాడి రక్తం కావాలిగా. ఈసారి మళ్లీ అతని వంతు వచ్చింది. అయితే?…

…ఊఁ…

ఏడుస్తూ చెబితే నాకేం అర్థమవుతుంది? కణాలు లెక్కపెట్టే మిషన్ తెరమీద ఏం కనబడుతోంది?… ఎదగని తెల్లకణాలా… అంత గుంపుగానా… సరే. బ్లడ్ క్యాన్సరే అయ్యుంటుంది.

అరవకు! అతనెక్కడ?… పక్కగదిలోనా. తలుపు వేసుందా?… మంచిది.

ఇప్పుడు విను. అతనికి చెప్పొద్దు.

ఎందుకేమిటి? గురువారం ల్యాబ్‌కు తనిఖీవాళ్లు రావట్లేదూ? ఆ మిషన్ ముందు కూర్చుని వాళ్లకు జవాబు చెప్పగలిగేది ఒపొలోట్ ఒక్కడే. నువ్వు చెప్పగలవా?… మరి? ఈ మాట వింటే వాడు ఆ రోజు పనికొస్తాడా?

…మనిషి ప్రాణమే, కాదన్నానా? గురువారం లోపల పోతాడా ఏం?

— వస్తున్నానక్కా, ఆ మటోకె అరటికాయ ముద్ద మీద ఆకులు కప్పే ఉంచండి —

రూలుంది తల్లీ. రక్తం ఇచ్చినవాడి పేరు మనకు తెలియకూడదు. పేరే తెలియనప్పుడు ఎవరికి చెబుతావు?… సీసా మీద పేరు నువ్వే అంటించావా? అయితే పీకెయ్.

…చిక్కిపోయాడా? నేనూ చూశాను. 'మీ సొరొటి ఊరివాళ్లకు రాగిసంకటి దొరక్కపోతే ఇంతే' అని ఏడిపించాను కూడా. వాడూ నవ్వాడు.

అబ్బా, ఆ శోకాలు ఆపవే! పోయిన నెలా వాడి రక్తం ఇలాగే వచ్చింది, నేనేమైనా నీలా గోల పెట్టానా?

…ఆ, చూశాను. అప్పుడే చెప్పేస్తే ఇన్నాళ్లూ పనెవరు చేసేవారు, నువ్వా?

…

నబిర్యే?… ఎవరక్కడ దగ్గుతున్నది?… స్పీకర్ పెట్టావా?

…

ఒపొలోట్… నాయనా… నువ్వు పక్కగదిలో ఉన్నావందే…

తెరమీద ముందు చూసింది నువ్వేనా?… అవున్లే, ఆ గ్రాఫు చదవడం అందరికీ నేర్పిందే నువ్వు. ఆస్పత్రివాళ్లకు నాచేత ఒక మాట చెప్పిద్దామని ఫోన్ చేయించావా…

…నెల పోయింది. సరే, పోయిందే అనుకో. ఇంకో నాలుగు రోజులు ఆగలేవా? గురువారం కాగానే నా కార్లో నేనే తీసుకెళ్తాను. క్యాన్సర్ ఆస్పత్రిలో అందరూ నా శిష్యులే…

ఇప్పుడేనా? బోడా మోటార్‌సైకిల్ ఎక్కి, ఆ ఎండలో?… నబిర్యే కూడానా? ఇద్దరూ పోతే ల్యాబ్ ఎవరు చూస్తారు?

…సరే, పో. పోయేవాణ్ని ఎవరాపుతారు? కానీ ఒపొలోట్, మిషన్ మాత్రం కడిగి వెళ్లు. ఆ సన్న గొట్టంలో నీ రక్తం ఎండి అట్టకట్టిందంటే, గురువారం నా పరువు—

హలో?… హలో?